ఇరుకు ధమనుల సవ్వడి

మట్టికుండ కొనబోయిన ఇల్లాలు దానిని కంటితో చూచి ఊరకుండదు. చేతబట్టి వ్రేలితో తట్టును. కంగున మ్రోగినచో బేరమాడును. బొంగురుగా పలికినచో క్రిందబెట్టి వేరొకదానిని అందుకొనును. కంటికి గానరాని పగులు చెవికి దొరకును. రామప్పగుడికి పోయినవారు గర్భాలయద్వారము చెంతనున్న వేణుగోపాలుని శిల్పమును తట్టి, అందుండి వెలువడు స్వరములను విని ఆశ్చర్యపడుటయు మన ఓరుగల్లు సీమలో పరిపాటియే. ఎనిమిదివందల యేండ్లనాటి శిల్పమును వచ్చినవారెల్లరు తట్టి అరగదీయుట తగునా అనునది వేరుప్రశ్న. లోపలి సంగతిని బయటి చప్పుడువలన గ్రహించుట మనుష్యునకు పాతవిద్య. ఆ విద్య మనుష్యదేహమునకు ఎంత ఆలస్యముగా చేరినది, చేరినపిమ్మట నెవరి దేహములను విడిచిపెట్టినది అనునదే ఇచట విచారింపదలచిన విషయము.

పదునెనిమిదవ శతాబ్దమున వియన్నా నగరమందు లియోపోల్డ్ అవెన్‌బ్రుగ్గర్ అను వైద్యుడుండెను. అతని తండ్రి గ్రాట్స్ పట్టణమున పూటకూళ్ల యిల్లు నడపినవాడు. మద్యపు పీపాలో సరకెంత మిగిలియున్నదో మూత తీయకయే, తట్టి కనుగొనుట అట్టి యింట పెరిగినవానికి తెలిసిన పనియే. అతడు రోగి రొమ్మును వ్రేళ్లతో తట్టి, లోపల నీరు చేరినదో లేక గాలి ఆడుచున్నదో గుర్తించు పద్ధతిని 1761వ సంవత్సరమున ఒక చిన్న గ్రంథముగా ప్రకటించెను. రమారమి యాబదియేండ్లు దానినెవరును లెక్కచేయలేదు. 1808లో నెపోలియను చక్రవర్తి వైద్యుడగు కొర్విసార్ దానిని ఫ్రెంచిభాషలోనికి మార్చి, తన శిష్యులకు నేర్పెను. ఆ శిష్యులలో నొకడు రెనె లెనెక్.

1816లో పారిసునందలి నెకర్ వైద్యశాలలో చేరిన లెనెక్‌కడకు హృద్రోగలక్షణములు గల యొక యువతి వచ్చెను. ఆమె స్థూలకాయమువలన తట్టి చూచుట నిష్ప్రయోజనమయ్యెను. రొమ్ముపై నేరుగా చెవి యానించి వినుట నాటి వైద్యులకు తెలియని పనికాదు. కాని ఆమె వయస్సును, స్త్రీత్వమును తలంచి అతడందులకు పూనుకొనజాలకపోయెను. పొడుగుపాటి దూలము ఒక కొనను గుండుసూదితో గీకినచో రెండవకొన చెవి యానించినవానికి ఆ గీకుడు స్పష్టముగా వినవచ్చును. ఆ సంగతి అతనికి తటాలున జ్ఞప్తికి వచ్చెను. ఎదుటనున్న కాగితపు దస్తాను గట్టిగా చుట్టి, ఒకకొన ఆమె రొమ్మున నుంచి, రెండవకొనకు చెవి యొగ్గెను. నేరుగా చెవి యానించినప్పటికంటెను గుండెచప్పుడు స్ఫుటముగా వినబడినది! పిమ్మట నతడు తరిమెనపై కొయ్యగొట్టములను తానే తీర్చి, మూడేండ్లు రోగులను పరిశీలించి, 1819లో తన మహాగ్రంథమును ప్రకటించెను. స్టెతస్కోపు పుట్టుక యిది. 1821లో అతని స్నేహితుడు కెర్గరాడెక్ ఆ గొట్టమునే గర్భవతియుదరమున నుంచి శిశువు గుండెచప్పుడు విన్నానని ఫ్రెంచి వైద్యపరిషత్తునకు నివేదించెను. లెనెక్ మాత్రము 1826లో, తాను జీవితమంతయు చెవియొగ్గి విన్న క్షయవ్యాధివాతనే పడి నలుబదియైదేండ్లకే గతించెను.

మనదేశమున పరదాను గూర్చి యొక కథ చిరకాలముగా చెప్పుకొందురు. అంతఃపురస్త్రీకి జబ్బుచేసినచో హకీము తెరకీవల కూర్చుండునట. ఆమె మణికట్టున కొకదారము కట్టి దాని రెండవకొన నతని చేతికి అందింతురట. అతడా దారపు కదలికనుబట్టియే నాడిచూచి మందు నిర్ణయించునట. కొన్ని కథలలో పరీక్షించుటకై దారమును పిల్లికాలికి కట్టినను హకీము కనుగొనెనని ముక్తాయింపు. ఇది హకీము ప్రజ్ఞను కొనియాడుటకు పుట్టిన కథయేగాని, దారమునకు నాడిని మోయు శక్తి లేదు. అయినను పారిసునందలి కాగితపుగొట్టమును, మన తెరచాటు దారమును ప్రక్కప్రక్కన నుంచి చూడదగియున్నవి. రెండును సిగ్గునుండియే పుట్టినవి. పురుషుడగు వైద్యునకును, రోగియగు స్త్రీకిని నడుమ ఎడముండవలెనని రెండు సంఘములును కోరినవి. ఒక సంఘము ఆ యెడమును శబ్దమును చేరవేయు సాధనముగా మార్చుకొన్నది. రెండవది ఎడమును ఎడముగానే కాపాడుకొని, వైద్యుని ప్రజ్ఞను గూర్చి కథ అల్లుకొన్నది.

ఇట్లనుటవలన మన వైద్యులకు నాడీజ్ఞానము లేదని నా యభిప్రాయముకాదు. చరకసుశ్రుతాదులు విపులముగా చెప్పని నాడీపరీక్షను శార్ఙ్గధరుడు తన సంహితలో చెప్పెను. తెలుగునాట వైద్యులు చేతబట్టిన బసవరాజీయమున నాడీపరీక్షకే అగ్రస్థానము. వైద్యశాల యనునదియు మనకు క్రొత్తదికాదు. ఓరుగంటి నేలిన రుద్రమదేవి కాలమున, 1261 నాటి మల్కాపురశాసనము కృష్ణాతీరపు గోళకీమఠమున ఆరోగ్యశాలకును, ప్రసూతిశాలకును ఏర్పాటులు చేసినది. ప్రసూతిశాలను ప్రత్యేకముగా పేర్కొనిన ఆ శాసనమును చదువునప్పుడు, ఆ పిమ్మటి ఆరు శతాబ్దములలో మన స్త్రీల వైద్యమెందుల కంత మూలబడినదని తలపోయకుండుట కష్టము. అయితే నాడి యెంతటి మేధావి చేతికందినను అది మణికట్టునందలి సంగతినే చెప్పును. మెడలోనో, కడుపులోనో, గుండెపైనో ఒక ధమని ఇరుకైనచో ఆ సంగతి మణికట్టును చేరవచ్చును, చేరకపోవచ్చును. అచ్చటికే పోయి వినవలెను.

ధమని యిరుకైనచో చప్పుడెందులకు పుట్టును? మనకు పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు కలవు గనుక ఈ ప్రశ్నకు సమాధానము దూరమున వెదకనక్కరలేదు. వెడల్పయిన కాలువలో నీరు నిశ్శబ్దముగా సాగును. తూముకడ మాత్రము హోరుమని మ్రోగును. నీరదియే; త్రోవ ఇరుకైనది. గొట్టపు అడ్డుకొలత సగమైనచో దాని నోటి వైశాల్యము నాలుగవవంతగును. ప్రవాహము తగ్గకుండవలెనన్న ఆ యిరుకునందు ద్రవము నాలుగింతలు వేగముతో పరుగెత్తవలెను. ఇరుకు దాటగనే ఆ వేగము వెడల్పుభాగమున సుళ్లు తిరుగును. సుళ్లు గోడలను అదరించును. ఆ యదరుపాటే చప్పుడు. మాంచెస్టరునందు ఆస్బోర్న్ రెనాల్డ్స్ అను ఇంజనీరింగు ఆచార్యుడు 1883లో గాజుగొట్టమందలి నీటిలో రంగుధారను విడిచి, నెమ్మదిగా పారునప్పుడు ఆ ధార దారమువలె తిన్నగా సాగుటను, వేగము మితిమీరినంతనే చెదరి సుడిపడుటను కన్నులకు చూపెను. నెత్తురును ఈ శాసనమునకే లోబడియున్నది. లెనెక్ తన గొట్టమున గుండెయందును ధమనులందును ఊదుచున్నట్టి చప్పుడును విని, దానికి కమ్మరి కొలిమితిత్తి చప్పుడని పేరిడెను. పేరు చక్కగా కుదిరినదిగాని, కారణమతనికి పట్టువడలేదు. ధమనులలో వినవచ్చుదానిని ఒకవిధమగు ఈడ్పుగా నతడు భావించెను.

తూముపోలికను ఇంకొంచెము సాగదీసి చూచిన మరియొక సంగతి బోధపడును. తూము పూర్తిగా పూడిపోయినచో హోరును నిలిచిపోవును. మిక్కిలి యిరుకైన ధమనియు అట్లే మౌనము వహింపవచ్చును. కాబట్టి చప్పుడున్నచోట అనుమానింపవలసినదే కాని, చప్పుడు లేనంతమాత్రమున నిశ్చింతగా నుండరాదు.

ఇరుకుధమని చప్పుడు వినని వైద్యుడు నేడు లేడనిన చదువరు లాశ్చర్యపడుదురేమో. రక్తపుపోటు చూచునపుడు జరుగునది అదియే. గాలితో నిండు పట్టీని జబ్బకు చుట్టుటను 1896లో ఇటలీదేశపు రీవా రోచి కనుగొనెను. కాని అతడు మణికట్టునందలి నాడిని తాకియే పోటును గణించెడివాడు. రష్యా శస్త్రవైద్యుడు నికొలాయ్ కొరొత్కోవ్ జపానుతోడి యుద్ధమున గాయపడి ధమనులు చెడిన సైనికులకు చికిత్స చేసియుండుటచే ధమనులపై చెవియొగ్గుట అభ్యసించియుండెను. అతడు పట్టీ బిగించి, మోచేతిమడతలో పిల్లల స్టెతస్కోపు నుంచి, పట్టీగాలిని మెల్లమెల్లగా విడిచి చూచెను. ధమని పూర్తిగా నొక్కుకొనియున్నంతసేపు నిశ్శబ్దము. కొంచెము తెరచుకొనగనే టప్పుటప్పుమని చప్పుడు. పూర్తిగా విప్పారినతోడనే మరల నిశ్శబ్దము. మొదటి చప్పుడు పైయంకె, చప్పుడు మాయమగుట క్రిందియంకె. 1905లో సెయింట్ పీటర్సుబర్గు సైనికవైద్యపరిషత్తున నతడిచ్చిన నివేదిక ఒక పుటయైనను నిండదు. అంత చిన్న వ్రాత అన్ని కోట్లమంది చేతులకు చుట్టుకొనుట వైద్యచరిత్రలో అరుదు. మనమే పట్టీతో ధమనిని ఇరుకుపరచి, దాని సవ్వడిని వినుచున్నాము, అంతే.

ఇక మన హైదరాబాదు రాజ్యమునకు ఈ గొట్టమెట్లు చేరెనో చూతము. 1846లో హైదరాబాదున వైద్యపాఠశాల యేర్పడి, ఉర్దూలో పాశ్చాత్యవైద్యమును బోధింప మొదలిడెను. ఆ పాఠశాలకు 1885లో ఎడ్వర్డ్ లారీ అధిపతి యయ్యెను. ఆ సంవత్సరమే రూపాబాయి ఫర్దూన్జీ అను పార్సీయువతి అందులో చేరి, 1889లో పట్టము పొంది, క్లోరోఫారము మత్తునిచ్చుటలో ప్రఖ్యాతి గాంచెను. చెన్నపట్టణపు వైద్యకళాశాల అంతకుమునుపే, 1875లో, మేరీ షార్లీబు మొదలగు నలుగురు స్త్రీలను చేర్చుకొనియుండెను. లారీకాలమున జరిగిన క్లోరోఫారము విచారణల కథ వేరొక వ్యాసమునకు తగినది. మత్తునందున్న రోగి నాడిని కనిపెట్టవలెనా, ఊపిరిని కనిపెట్టవలెనా యనుటయే నాటి పెద్దవివాదమని మాత్రము ఇచట చెప్పిన చాలును. ఓరుగల్లు ప్రాంతమున ఇరువదవ శతాబ్దారంభమున హనుమకొండలో అమెరికను బాప్తిస్టు మిషనువారు వైద్యశాల నడపిరి. స్త్రీవైద్యుల అవసరము ఎంతయో, వారి సంఖ్య అంత తక్కువ. పురుషవైద్యుని చేతికి మణికట్టు నందించుటకే సంకోచించిన కుటుంబములు రొమ్మున గొట్టము పెట్టనిచ్చుటకు ఒక తరము పట్టినది. కడుపుపై పెట్టనిచ్చుటకు మరియొక తరము.

కడుపుమాట ఎందులకు తెచ్చితిననగా, జపాను నేత్రవైద్యుడు మికితో తకయాసు 1908లో ఒక యువతి కంటిలోని నెత్తురునాళములు వింతగా అల్లుకొనుటను వర్ణించెను. ఆ సభయందే మరియిద్దరు వైద్యులు, తామును అట్టి కన్నులు గలవారిని చూచితిమనియు, వారి మణికట్టులందు నాడియే దొరకలేదనియు చెప్పిరి. నాడి లేదు, మనిషి మాత్రము నడచుచున్నది, మాటలాడుచున్నది, వంట చేయుచున్నది! నాడీపరీక్ష నొక్కదానినే నమ్మిన వైద్యుడేమి చేయగలడు? మహాధమనియు, దాని పెద్దకొమ్మలును వాచి, క్రమముగా మందమై ఇరుకగు వ్యాధి యిది. దీని వాతబడువారిలో అధికసంఖ్యాకులు నలుబదియేండ్లలోపు స్త్రీలు. ఆసియాఖండమున, అందును జపాను, భారతదేశములందు, తక్కిన దేశములకంటె నిది హెచ్చుగా కనబడినది. బొంబాయి శస్త్రవైద్యుడు ప్రఫుల్లకుమార్ సేన్ 1960 తరువాతి యేండ్లలో మహాధమని నడిమిభాగము ఇరుకగుటను గూర్చి విశేషముగా వ్రాసెను. మూత్రపిండములకు పోవు ధమని ఇరుకైనచో రక్తపుపోటు మితిమీరును. చేతిధమనియు ఇరుకైయున్నచో ఆ పోటు చేతియందు కానరాదు. పట్టీ చుట్టిన వైద్యుడు పోటు తక్కువయని చెప్పును. ఇంటివారు నీరసమని తలంతురు. టానిక్కు సీసా వచ్చును. మెడమీదను, కాలరియెముక పైభాగమునను, బొడ్డునకు పైగాను స్టెతస్కోపు నుంచి నెమ్మదిగా విన్నచో కొలిమితిత్తి చప్పుడు పెక్కుమార్లు వినబడును. ఖర్చులేని పరీక్ష యిది. దీనికి కావలసినవి చెవి, నిశ్శబ్దము, రోగి సమ్మతి.

చెవికిని హద్దులు కలవు. లెనెక్ కొయ్యగొట్టము ఒక చెవిదే. 1852లో న్యూయార్కు వైద్యుడు జార్జి కామను రెండుచెవుల గొట్టమును వాడుకలోనికి తెచ్చెను. అయినను మిక్కిలి మందమగు సవ్వడులను, పల్లపు స్వరములను మానవుని చెవి సరిగా పట్టజాలదు. గుండెచప్పుళ్లలో హెచ్చుభాగము ఆ పల్లమునందే యున్నవి. పైగా వినినవాడు వినినదానిని రెండవవానికి చూపజాలడు. గురువు విన్నానన్న మర్మరము శిష్యునకు వినబడకున్నను తలయూపుట వైద్యకళాశాలలలో మూగ సంప్రదాయమని వైద్యమిత్రులు నవ్వుచు చెప్పుదురు. ఈ కొరతను తీర్చుటకే విద్యుచ్ఛక్తిని ఆశ్రయించిరి. 1894లో హాలెండుదేశపు ఐంతోవెన్ గుండెచప్పుళ్లను గీతలుగా పట్టెను. 1924లో అమెరికాయందలి టెలిఫోను ఇంజనీర్లు వాక్యూము గొట్టములతో చప్పుడును పెంచి, అనవసరపు స్వరములను వడగట్టి, ఒకేసారి పలువురు వినదగిన విద్యుత్స్టెతస్కోపును నిర్మించిరి. అది పెట్టెలంత బరువు. రోగి మంచముకడకు మోసికొనిపోవుట ప్రయాస. ట్రాన్సిస్టరును, ఆపై చిప్పును వచ్చిన తరువాతగాని ఆ యంత్రము వైద్యుని జేబున నిముడలేదు. నేటి ఎలక్ట్రానిక్ స్టెతస్కోపులో చర్మపు అదురును చిన్న మైక్రోఫోనో, నొక్కుటచే విద్యుత్తు నిచ్చు స్ఫటికమో పట్టును. ఆ విద్యుత్తు అంకెలుగా మారును. అంకెలను పెంపవచ్చును, వడగట్టవచ్చును, దాచుకొనవచ్చును, ఊరికావలనున్న నిపుణునకు పంపవచ్చును. 2020లో మహమ్మారి వచ్చినపుడు బొంబాయి ఐఐటి పూర్వవిద్యార్థుల సంస్థ చేసిన ఇట్టి సాధనమునందు ఒక ముఖ్యప్రయోజనము వైద్యుడు రోగికి దూరముగా నుండి వినగలుగుట. నూటికి రెండువందల యేండ్లనాడు సిగ్గు కోరిన యెడమును ఈమారు అంటువ్యాధి కోరినది.

మెడధమని చప్పుడు చెవికందునుగాని, గుండెకు నెత్తురిచ్చు ధమనుల మాటయేమి? వానిలో ఇరుకు పుట్టుటయే గుండెపోటునకు మూలము. అవి దారపుకండెవంటి సన్ననివి. ప్రక్కనే గుండెకవాటములు తలుపులు వేసినట్లు చప్పుడు చేయుచుండును. అయితే ప్రకృతి యొక సదుపాయము చేసినది. గుండె ముడుచుకొనునపుడు దాని కండరమే తన ధమనులను నొక్కివేయును గనుక, ఎడమవైపు ధమనులలో నెత్తురు ముఖ్యముగా గుండె విశ్రమించు సమయముననే పారును. దేహమునకంతకు వడ్డించి, తాను మిగిలిన క్షణమున భుజించు ఇల్లాలివలె! ఆ విశ్రాంతివేళ కవాటముల రొద తక్కువ. 1967లో న్యూయార్కు వైద్యులు డాక్, జోనరైక్ అనువారు ఇరుకైన హృదయధమనినుండి పుట్టిన మర్మరమును విశ్రాంతివేళ వింటిమని ప్రకటించిరి. 1980 తరువాతి యేండ్లలో న్యూజెర్సీయందలి రట్జర్సు విశ్వవిద్యాలయమున జాన్ సెమ్లో మొదలగు ఇంజనీర్లు ఆ సన్నని సవ్వడిని కంప్యూటరుతో వెదకిరి. డెన్మార్కున ఆ వెదకుటయే కొనసాగి పరికరమైనది. రొమ్మెముకకు ఎడమప్రక్క చిన్నబిళ్లవంటి సాధనమునంటించి, రోగిని ఊపిరి బిగబట్టుమని చెప్పి, కొన్ని నిమిషములలో ఒక అంకెను చూపించును. 2018లో ప్రచురితమైన డెన్మార్కు పరిశీలన ప్రకారము, వ్యాధి గల నూర్గురిలో రమారమి 80 మందిని అది అనుమానించినది. కాని వ్యాధి లేనివారిలో దాదాపు సగముమందినికూడ అనుమానించినది. కాబట్టి ఇది వ్యాధి యున్నదని తీర్పు చెప్పు యంత్రముకాదు. అంకె తక్కువగా వచ్చినవారికి పెద్దపరీక్షలు బహుశః అనవసరమని చెప్పు యంత్రము. పెద్దపరీక్షలకు సొమ్మును, దూరప్రయాణమును కావలసిన చోట అదియు చిన్నమేలు కాదు. మెడచప్పుడును గూర్చి 1981లో అమెరికాయందలి ఫ్రామింగ్‌హామ్ పరిశీలకులు తేల్చినదియు ఇట్టిదే: చప్పుడున్నవారికి పక్షవాతము హెచ్చుగా వచ్చినది, కాని పెక్కుమార్లు మెదడులో వేరొక ప్రక్కన వచ్చినది. అనగా ఒకచోటి చప్పుడు దేహమందలి ధమనులన్నిటి స్థితికి సూచనయేగాని, ఆ చోటికి మాత్రమే చెందిన నేరారోపణ కాదు.

కనుగొన్నంతనే సరిపోదు, ఇరుకును విప్పవలెను. 1977లో జూరిచ్ నగరమున గ్రూంట్సిగ్ బుడగతో హృదయధమనిని విప్పెను. 1986లో అందు నిలుపు జల్లెడగొట్టము, అనగా స్టెంటు, వచ్చినది. దిగుమతి స్టెంటు సామాన్యునకు అందని కాలమున హైదరాబాదు హృద్రోగవైద్యులు బి. సోమరాజుగారును, రక్షణపరిశోధనాసంస్థలో క్షిపణులు నిర్మించుచుండిన ఏ.పీ.జే. అబ్దుల్ కలాంగారును కలసి తక్కువధరకు స్వదేశీ స్టెంటును సిద్ధముచేసిరి. 1998లో వచ్చిన దానికి కలాం-రాజు స్టెంటని పేరు. 2007లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆరోగ్యశ్రీ పథకమును ప్రారంభించినది. 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము సాదాస్టెంటునకు 7,260 రూపాయలును, మందుపూతగల దానికి 29,600 రూపాయలును మించరాదని ధర కట్టినది. చికిత్స ఈ రీతిగా మెట్టుమెట్టుగా సామాన్యుని వాకిటికి దిగివచ్చినది. ఎవరికి చికిత్స కావలెనో కనిపెట్టుట మాత్రమంత వేగముగా దిగిరాలేదు.

వరంగల్లునందు 1959వ సంవత్సరము రెండు విద్యాలయములకు జన్మవత్సరము. కాకతీయ వైద్యకళాశాల ఆ యేటనే పుట్టినది. ఆ అక్టోబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేసెను. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యయ్యెను. ఒకదాని విద్యార్థులు మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలలో రోగుల రొమ్ములపై చెవియొగ్గ నేర్చుకొందురు. రెండవదాని విద్యార్థులు అదే నగరమున, శబ్దతరంగములను అంకెలుగా మార్చి వడగట్టు విద్యను అభ్యసింతురు. తెలంగాణము ఏర్పడిన తరువాత ఆరోగ్యవిశ్వవిద్యాలయమును కాళోజీ నారాయణరావుగారి పేర వరంగల్లునకే వచ్చినది. ఎలక్ట్రానిక్ స్టెతస్కోపు ఈ రెండువిద్యలకును పుట్టిన బిడ్డ. పుట్టినింటి పెద్దలిద్దరును ఒకే ఊర నున్నారు. ఇట్టి వసతి ఎన్ని నగరములకు కలదు?

అయితే ఎంత పెంచి వినిపించు యంత్రమైనను చీరచెంగుపైనుండి వినజాలదు. వస్త్రపు రాపిడి స్వయముగా నొక చప్పుడు. యంత్రము గుండెచప్పుడును పెంచినట్లే ఆ రాపిడినికూడ పెంచును. గుంపుగానున్న ఓపీగదిలో, తెర లేనిచోట, రవికపైననే గొట్టమానించి అరనిమిషములో తీసివేయుట మనము చూచుచున్నదే. వైద్యుడు తొందరలో నుండును. స్త్రీ సిగ్గున నుండును. తోడువచ్చిన మగవారు అంతటితో తృప్తిపడుదురు. దారముకథలోని తెర పోయినదిగాని, దారము పూర్తిగా పోలేదు. ఇది మన దేశమున మాత్రమే యున్న జాడ్యముకాదు. 1991లో అమెరికను హృద్రోగవైద్యురాలు బెర్నడీన్ హీలీ, గుండెజబ్బు లక్షణములతో వచ్చిన స్త్రీలకు పురుషులకు చేసినన్ని పరీక్షలు చేయుటలేదని వ్రాసి వైద్యలోకమును నిలదీసెను. స్త్రీలలో హృదయధమని యిరుకు కొన్నిమార్లు రొమ్మునొప్పిగా కాక ఆయాసముగా, అలసటగా, దవుడనొప్పిగా, వాంతివికారముగా కనబడును. అట్టి మాటలు మన యిండ్లలో గ్యాసనియు, వాతమనియు, పనియెగవేతయనియు పేర్లు పొందుచుండును.

చేయవలసిన యేర్పాటు పెద్దదికాదు. పరీక్షగదిలో గుడ్డతెర యొకటి, తోడుగా నర్సు, వేసవియైనను ఆ రెండునిమిషములు పంకా నిలుపుట, తలుపుకడ గుమిగూడినవారిని మాటలాడవలదని చెప్పుట. ఇంటనుండి బయలుదేరునపుడే, వినదలచిన వైద్యునకు సులువుగానుండు దుస్తులు ధరింపుమని కోడలికి అత్తగారు చెప్పవచ్చును. అత్తగారికి కోడలును చెప్పవచ్చును. నలుబదియేండ్లలోపు స్త్రీకి రక్తపుపోటు హెచ్చుగానున్నదన్నపుడు, పట్టీని రెండుచేతులకును వేరువేరుగా చుట్టి చూడుమనియు, మెడమీదను, కడుపుమీదను ఒకసారి వినుమనియు వైద్యుని అడుగుట ధిక్కారముకాదు. రెండుచేతుల పోటులకు చాల భేదమున్నచో ఎక్కడనో ఒక తూము ఇరుకైయుండవచ్చును. డెన్మార్కు పరికరమును రొమ్మున నంటించినపుడును మొదట చెప్పు మాట ఇదియే: ఊపిరి బిగబట్టి, కదలక, మాటలాడక పడుకొనుడు, గదిలోనివారును అట్లే యుండుడు.